జున్నుముక్క

ఏప్రిల్ 8, 1996

పక్కింటి సుబ్బరత్నంగారికి బొత్తిగా సిగ్గు లేకుండా పోయింది. ఈ మాట ఆవిడ మొహం మీద అనలేక ఇక్కడ రాసుకుంటున్నాను. మా ఇంట్లో అత్తమ్మకి తెలుగు చదవడం రాదు, ఆయనకీ రాదు, ఇద్దరిదీ ఉర్దూ చదువే. ఆఫ్రీన్ మూడో క్లాసు, నా గొలుసుకట్టు రాత దాని వల్ల కాదు. పామర్రులో నేను వెలగబెట్టిన తెలుగు మీడియం పదో తరగతి ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

సుబ్బరత్నంగారు ముందుగదిలో అద్దె పుస్తకాల షాపు పెట్టుకుంది. వాళ్ళాయన రైల్వే గార్డు, ఇంట్లో ఉండేది తక్కువ. కేబుల్ టీవీ వచ్చాక పుస్తకాలెవడు చదువుతాడని మొన్నటిదాకా ఒకటే ఏడుపు. ఇప్పుడేమో 'గడియ వేసిన గది' అని ఒక పాత నవల కొత్తగా మళ్ళీ అచ్చయిందట, తెచ్చిన కాపీలు తెచ్చినట్టే వీధిలోకి వెళ్ళిపోతున్నాయి. బొమ్మ కనపడకుండా క్యాలెండరు కాగితంతో అట్ట వేసి మరీ ఇస్తోంది. పైన తిథులూ వర్జ్యాలూ, లోపల ఆ రాతలు!

"నువ్వూ పట్టుకెళ్ళు జహీదా, నీ దగ్గర అద్దె తీసుకోన్లే" అంది.

"నాకెందుకండీ అలాంటివి?"

"అలాంటివంటే ఎలాంటివి? చదవకుండానే తెలిసిపోయిందా?"

అని పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. బక్రీద్‌కి కుట్టివ్వాల్సిన జాకెట్లు నెత్తిమీద ఉన్నాయి, నాకు నవ్వడానికి తీరికెక్కడిది.

ఏప్రిల్ 11

ఇవాళ ఇంక కత్తెర పట్టను.

మధ్యాహ్నం రూతు టీచర్ జాకెట్టు గుడ్డ తెచ్చింది. గన్నవరంలో చెల్లెలి కొడుకు పెళ్ళట. పెరుగు పోయడానికి వచ్చిన ఆదెమ్మ ఎండకి గుమ్మంలోనే కూలబడింది. అప్పుడు ఊడిపడింది సుబ్బరత్నంగారు, చేతిలో ఆ పుస్తకంతో. "ఇది వినండర్రా" అంటూ మొదలెట్టింది. చదవొద్దని ఎలా చెప్పను? ముగ్గురూ నాకు గిరాకీ ఇచ్చేవాళ్ళే. నేను తల వంచుకుని, రూతు టీచర్ ఆది జాకెట్టు గుడ్డ మీద పరుచుకుని కత్తిరిస్తున్నాను.

హీరో పేరు ఏదో. హీరోయిన్ అలిగి గోడవైపు తిరిగి పడుకుంది. వాడు వంగి, ఆమె చెవిలో, "ఇటు తిరుగు, జున్నుముక్కా" అన్నాడు.

కత్తెర ఆగలేదు. నా కళ్ళు ఆగిపోయాయి గానీ కత్తెర వెళ్ళిపోయింది. చూసుకునేసరికి వెనక మెడ జానెడు కిందకి దిగింది. పట్టుగుడ్డ! వాళ్ళెవరూ చూడలేదు, నవ్వుల్లో ఉన్నారు.

జున్నుముక్క.

ఏప్రిల్ 12

ఏమీ రాయను.

ఏప్రిల్ 13

రాయకపోతే ఊపిరాడేలా లేదు.

ఆ మాట నాది. పెళ్ళయిన కొత్తల్లో మావాళ్ళు మమ్మల్నిద్దర్నీ పామర్రు తీసుకెళ్ళారు. మా గేదె అప్పుడే ఈనింది. అమ్మ బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి పెడితే ఆయన గిన్నె ఖాళీ చేసి, నావైపు చూసి నవ్వారు. ఆ రాత్రి నా చెవిలో ఆ మాట విన్నాను. నాకు గుర్తున్నంతవరకు అదే మొదటిసారి. ఆయన నాతో మాట్లాడేదంతా ఉర్దూ. పగలు ఏం మాట్లాడతారు గనక, "ఆఫ్రీన్ కీ అమ్మీ, చాయ్", "ఆఫ్రీన్ కీ అమ్మీ, తాళాలు". ట్రంకు పెట్టెల దుకాణంలో రోజంతా రేకుల మోత విని వచ్చిన మనిషికి మాటల మీద మోజు లేదు. ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో అంటారు. నా కోసం, నా భాషలోంచి, మా అమ్మ గిన్నెలోంచి తీసుకున్నారని నేను మురిసిపోయాను. చీకట్లో తప్ప ఎప్పుడూ అనలేదు. గట్టిగానూ అనలేదు.

నాలుగేళ్ళ కిందట బాబు పుట్టి పోయినప్పుడు ఆస్పత్రి నిండా చుట్టాలే. తలా ఒక మంచిమాట చెప్పారు. నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. ఆయన మంచం పక్కన వంగి ఆ ఒక్క మాటా అని వెళ్ళి వరండాలో కూర్చున్నారు. నేను లేచి అన్నం తిన్నది ఆ మాట పట్టుకునే.

అది తీసుకెళ్ళి క్యాలెండరు అట్టల పుస్తకంలో పెట్టారెవరో. సుబ్బరత్నం చదువుతుంటే ఆదెమ్మ నవ్వుతోంది.

ఎవరు చెప్పారు?

ఏప్రిల్ 14

మా గోడా సుబ్బరత్నం గోడా ఒకటే. ఒంటి ఇటుక గోడ. అటు దగ్గితే ఇటు వినపడుతుంది. అయినా ఆ మాట నాకే సరిగ్గా వినపడదు, గోడకెలా వినపడుతుంది?

రాసినావిడ బెజవాడ మనిషేనట. పేరు ఆడపేరు. దుకాణానికి పెట్టె కొనడానికి వచ్చిందేమో. వస్తే మాత్రం, పెట్టె కొనడానికి వచ్చినదానికి ఆ మాట ఎందుకు చెప్తారు? చెప్పేటంత ఏం జరిగింది?

అన్నం వడ్డిస్తూ అడిగేశాను. "మన దుకాణానికి నవలలు రాసేవాళ్ళు ఎవరైనా వస్తారా?"

"రాసేవాళ్ళకి పెట్టెలెందుకు?"

"కాగితాలు దాచుకోవడానికి."

"జ్వరమా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. అంత మామూలుగా ఎలా ఉండగలుగుతున్నారో! తప్పు చేసినవాళ్ళే అంత మామూలుగా ఉంటారు.

ఏప్రిల్ 17

పుస్తకం తెచ్చాను. చదవడానికి కాదు, తప్పెక్కడుందో తెలుసుకోవడానికి. సుబ్బరత్నంగారు ఒక్క మాట కూడా అనకుండా ఇచ్చింది. ఆ అనకపోవడమే ఒళ్ళు మండించింది.

మొదటిసారి కోపంతో చదివాను. కోపంలో సరిగ్గా అర్థం కాలేదని రెండోసారి చదివాను. ఛీ. ఎలా రాస్తారో! అందులో ఆ పిల్ల ఏం కావాలో నోరు తెరిచి అడుగుతుంది. అడిగితే వాడు ఇస్తాడు. అంతే కథ. ఆ పిల్లని ఎవరూ చంపలేదు, ఊళ్ళోంచి వెళ్ళగొట్టలేదు, ఆఖర్లో హాయిగా ఉంది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అదే.

మొదటి పేజీలో చిన్న అక్షరాలతో ఉంది. ముందు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందట, 1985లో. మా పెళ్ళి 1985 డిసెంబరు.

అంటే పుస్తకం ఆ మాటని ఆయన దగ్గర తీసుకోలేదు. ఆయనే పుస్తకంలోంచి...

కాదు. ఆయనకి తెలుగు చదవడం రాదు. సిటీ బస్సు బోర్డు కూడా పక్కవాణ్ణి అడుగుతారు. చదవడం రానివాడు పుస్తకంలోంచి మాట ఎలా తీసుకుంటాడు? కాబట్టి మాట ఆయనదే. రాసినామెకి అదే మాట తట్టింది, అంతే. లోకంలో జున్ను మా ఇంట్లోనే ఉందా ఏంటి.

మనసు తేలికపడింది. పుస్తకం రేపు ఇచ్చేస్తాను.

ఏప్రిల్ 19

పుస్తకం ఇంకా ఇవ్వలేదు.

రూతు టీచర్ జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడి, మెడ కొంచెం దిగిందండీ, గుడ్డ డబ్బులు నేనే ఇస్తానన్నాను. వేసుకుని అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"ఉంచెయ్ జహీదా, బాగుంది" అంది.

బడిలో లెక్కలు చెప్పే రూతు టీచర్! చేతులు మోచేతుల దాకా ఉంటే తప్ప వేసుకోని మనిషి! నా మొహం చూసి తనే చెప్పింది. "ఇంటికెళ్ళి వండి, పేపర్లు దిద్ది, పడుకోవడమే గదా మన బతుకు. మావారు నన్ను పేరెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో. మొన్న ఆ పుస్తకం మంచం మీద మర్చిపోయి బడికెళ్ళాను. ఆయన చదివినట్టున్నారు. సాయంత్రం నేను కూర తరుగుతుంటే వెనకాల నిలబడి, జున్నుముక్కా అన్నారు. కత్తిపీట మీద వేలు తెగింది." వేలికున్న గుడ్డ చూపించి సిగ్గుపడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

గుమ్మంలోంచి ఆదెమ్మ అందుకుంది. "మీకిప్పుడొచ్చిందా టీచరమ్మా? మా ఆయన మనువైన కాణ్ణించీ నన్నదే పిలుత్తాడు. జున్నమ్ముకునేదాన్నని అంటన్నాడనుకునేదాన్ని."

"మీ ఆయన చదువుతాడా ఆదెమ్మా?" అని అడిగాను. 

"ఏలిముద్రోడికి సదువేటమ్మా! ఆ రోజుల్లో రిచ్చా స్టాండులో ఎవరో పత్రిక సదువుతుంటే అందరూ ఇనేవోరంట. ఇనొచ్చి నామీద ఇసిరాడు."

వాళ్ళు వెళ్ళాక మిషను ముందు కూర్చున్నాను. కుట్టలేదు. చదవడం రాకపోయినా వినొచ్చు. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు? తట్టకూడదని తట్టలేదు.

ఈ వీధిలో ఎంతమంది జున్నుముక్కలున్నారో. బెజవాడంతా ఎంతమందో!

ఏప్రిల్ 20

పుస్తకం ఇచ్చేశాను. "ఎలా ఉంది?" అంటే, "చదవలేదండీ" అన్నాను.

ఏప్రిల్ 22

ఇంతకంటే ఘోరం ఇంకేముంటుంది?

అత్తమ్మ మధ్యాహ్నం జోహర్ నమాజు అయ్యాక రోజూ పక్కింటికి వెళ్తోంది. మోకాళ్ళ నొప్పికి సుబ్బరత్నంగారు తైలం రాస్తోంది కాబోలు అనుకున్నాను. ఇవాళ దారం రీలు కోసం అటు వెళ్ళాను. అత్తమ్మ దివాన్ మీద కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని, చేతిలో జపమాలతో ఉంది. కింద కూర్చుని సుబ్బరత్నంగారు చదువుతోంది. ఏం చదువుతోందో రాయక్కర్లేదు.

నన్ను చూసి సుబ్బరత్నంగారు ఆగింది. అత్తమ్మ కళ్ళు తెరవకుండానే, "ఫిర్ క్యా హువా? ఆ పిల్ల తలుపు తీసిందా లేదా?" అంది.

దారం తీసుకోకుండానే వచ్చేశాను. సాయంత్రం అత్తమ్మ ఏమీ జరగనట్టు ఉల్లిపాయలు ఒలుస్తూ, "బేటీ, మా కాలంలో మగవాళ్ళకి ఇవేమీ తెలీదు" అంది. నేల చీలితే అందులోకి దూరిపోయేదాన్ని.

ఏప్రిల్ 25

నిన్న రాత్రి ఆయన పిలిచారు. ఆ పిలుపే.

"ఆ మాట అనకండి" అన్నాను.

ఆగిపోయారు. "క్యూఁ, ఎందుకు?" అన్నారు.  ఏమని చెప్పను? ఆదెమ్మ మొగుడూ రూతు టీచర్ మొగుడూ అనే మాట మీరు నాకెందుకంటారని అడగనా? అడిగితే నిజం చెప్తారు. ఆయనకి అబద్ధం చేతకాదు. అదే భయం. నేను వెళ్ళి ఆఫ్రీన్ పక్కన పడుకున్నాను.

నాకు కావలసింది ఇల్లు కాదు, నగ కాదు. ఆ మాట ఆయనదై ఉండాలి. ఆయనది కాకపోతే ఆస్పత్రిలో నన్ను లేపింది ఎవరు? పుస్తకంలోని ఎవడో వెధవా?

మే 1

పండగ అయిపోయింది. సేమ్యా బాగా కుదిరిందన్నారందరూ. ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆఫ్రీన్‌కి సెలవులు కదా అని పామర్రు బయల్దేరాను. అత్తమ్మ నమ్మింది. ఆయన నమ్మలేదు. బస్టాండు దాకా వచ్చి సీటు పట్టి, కిటికీ దగ్గర నిలబడి, "ఎప్పుడొస్తావు?" అన్నాడు.

'అన్నాడు' అని రాశాను. రాయనీ. కొట్టెయ్యను.

మే 3, పామర్రు

అమ్మ రెండు రోజులు ఊరుకుని ఇవాళ పట్టుకుంది.

"కొట్టాడా?"

"లేదమ్మా."

"తాగొచ్చాడా?"

"ఆయన తాగడం ఏంటమ్మా!"

"ఇంకోత్తి ఉందా?"

"ఏమో."

"ఏమో ఏంటే! మరేం చేశాడు?"

"ఒక మాటన్నాడు."

"ఏం మాట?" అంది అమ్మ చీర కొంగు దోపుకుంటూ. బెజవాడ వెళ్ళి కడిగేస్తానన్నట్టు ఉంది మొహం. అమ్మకి ఏమని చెప్పను? నన్ను ముద్దుపేరు పెట్టి పిలిచాడని చెప్పనా? "చెప్పలేనిదమ్మా" అన్నాను. అమ్మ ఇంకేదో అర్థం చేసుకుని పళ్ళు కొరికింది.

మే 5

ఇక్కడా వచ్చేసింది ఆ పుస్తకం. బస్టాండు పక్క బడ్డీకొట్లో, అరటిపళ్ళ గెల కింద, వేలాడదీసి. ఎవరూ దాచుకోవడం లేదు.

మే 6

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే నేనే నమ్మను.

ఎండలో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. పని రోజున దుకాణం మూసి వచ్చాడు. అమ్మ మంచినీళ్ళ గ్లాసు ఠక్కున పెట్టి, ఆఫ్రీన్‌ని లాక్కుని పొరుగింటికి వెళ్ళిపోయింది. పెరట్లో గేదె, నేను, ఆయన. మాట్లాడుకున్నదంతా ఉర్దూలోనే, తెలుగులో రాస్తున్నాను.

"నేనేం చేశాను?"

"ఆ మాట మీకెక్కడిది?"

"ఏ మాట?"

"రాత్రి మాట."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పు, ఒక్కసారికి చెప్పు అని లోపల వేడుకున్నాను. ఆయనకి అది చేతకాలేదు.

"పెళ్ళికి ముందు మా దుకాణంలో వెంకటసుబ్బారావని పెట్టెల మీద పువ్వులు వేసేవాడు ఉండేవాడు. ఒక పక్క మేం రేకులు కొడుతుంటే వాడు పత్రిక చదివి వినిపించేవాడు. అప్పుడందరికీ అదే పిచ్చి, పక్క దుకాణంవాళ్ళు కూడా వచ్చి వినేవాళ్ళు. నా పెళ్ళి దగ్గర పడుతోంది. భార్యతో ఏం మాట్లాడాలో నాకెవరు చెప్తారు? నాన్న లేడు. అమ్మని అడుగుతానా? ఆ కథలో వాడు పెళ్ళాన్ని ఒక మాట అనేవాడు. విన్నప్పుడల్లా ఒళ్ళు ఝల్లుమనేది. అది పట్టుకున్నాను."

అయిపోయింది. తెలుసు నాకు. తెలిసినా ఆపుకోలేకపోయాను. గేదెని కట్టేసిన గుంజ పట్టుకుని ఏడ్చేశాను. "ఆస్పత్రిలో కూడానా? బాబు పోయిన రోజు కూడా నాకు పుస్తకంలో మాటే ఇచ్చారా? ఊరందరూ పెళ్ళాల్ని పిలిచే మాటే ఇచ్చారా?"

"నాకు ఇంకో మాట రాదు జహీదా" అన్నాడు. "ఆ రోజు నువ్వు ఏడవకుండా గోడకేసి చూస్తున్నావు. నీకు మతి పోతుందని భయపడ్డాను. నాకూ పోయేలాగే ఉంది. అప్పుడు ఆ మాట తప్ప ఏదీ సరిపోలేదు."

"మతికీ దానికీ ఏంటి సంబంధం? జున్నుకీ నా బాబుకీ ఏంటి సంబంధం?"

"జున్నా?"

"జున్నుముక్క!" అరిచాను. గేదె కూడా తల తిప్పింది.

"జున్నంటే తినేదా? ఖీస్?" గేదెవైపు చూసి, నావైపు చూశాడు. "నిన్ను తినేదాని పేరు పెట్టి ఎందుకు పిలుస్తాను?"

"మరేమంటారు? అనండి. గట్టిగా అనండి. ఎవరూ లేరు ఇక్కడ."

అటూ ఇటూ చూశాడు. పట్టపగలు, ఎండలో నిలబడి, నిఖా నాడు ఖాజీ ముందు చెప్పినట్టు అక్షరం అక్షరం పలికాడు.

"జునూన్ ముక్క."

నేను గుంజ వదిలి ఆయనవైపు తిరిగాను.

"కథలో అదే కదా?" అన్నాడు. "జునూన్. ముక్క అంటే టుక్‌డా. పిచ్చిప్రేమలోంచి ఒక తునక. తెలుగువాడు ఉర్దూ మాట భలే వాడాడే అని నేనూ సంబరపడ్డాను. కాదా?"

రేకుల మోతలో ఆయన చెవికి అలా పడింది. నా చెవికి నా జున్ను పడింది. జునూన్ చివర 'న్' ఎప్పుడూ నా మెడలోనే ఇంకిపోయేది, ఎన్నడూ బయటికి వినపడలేదు. ఇన్నేళ్ళుగా ఆయన ఒకటి అంటున్నారు, నేను ఇంకొకటి వింటున్నాను. పుస్తకం వేరే ఏదో రాసుకుంది. అది ఆదెమ్మకీ రూతు టీచర్‌కీ చెందుతుంది, నాకు కాదు.

బాబు పోయిన రోజు మంచం మీదకి వంగి ఆయన నన్ను జునూన్ అన్నారు. నాకు మతి పోబోతున్న గడియలో, ఆ పిచ్చిలో సగం తనదేనని చెప్పారు. ఎవరూ చెప్పని మాట. నాకు తెలియకుండానే నా దగ్గర ఉంది.

"తప్పు పలికానా?" అన్నారు భయంగా.

తప్పే పలికారు. ఎంత పెద్ద తప్పు! నవ్వు వచ్చింది, ఏడుపూ ఆగలేదు, రెండూ కలిసి ఎక్కిళ్ళు వచ్చాయి. ఆయన నాకిచ్చిన నీళ్ళ గ్లాసు సగం ఆయన చొక్కా మీదే ఒలికింది. అమ్మ గోడ మీంచి తొంగి చూసి, ఏమనుకుందో, మళ్ళీ దిగిపోయింది.

మే 8, విజయవాడ

తిరిగొచ్చాం. అత్తమ్మ నా మొహం చూసి, ఉల్లిపాయల బుట్ట నా ముందుకి తోసింది. రూతు టీచర్ ఇంకో జాకెట్టు గుడ్డ పంపింది, మెడ అలాగే పెట్టమని.

ఆయన పొద్దున దుకాణానికి బయల్దేరుతూ గుమ్మం దిగి, వెనక్కి తిరిగి ఆ మాట అన్నారు. కావాలని అన్నారో, నోరు జారారో. పగలు అనడం ఇదే మొదటిసారి. పగలు గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు లేక వీధిలోకి వినపడింది. అని, తనే కంగారుపడి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వెళ్ళిపోయారు.

అరుగు మీద వడియాలు పెడుతున్న సుబ్బరత్నంగారు చేతులు గాల్లోనే ఆపేసింది.

"ఓసి జహీదా! మీ ఇంట్లో కూడానా! ఇన్నాళ్ళూ నంగనాచిలా, చదవలేదన్నావే! అయితే నువ్వూ జున్నుముక్కవేనన్నమాట!"

"అవునండీ, అందరిలాగే" అన్నాను.